వెనక్కి నడిచే వాద్దియారు

పోయిన ఆదివారం పొద్దున మా ఇంటి ముందర ఒక కొత్త మనిషి నిలబడ్డాడు. కాలరుకు చిన్న మైకు, నడుముకు స్పీకరు, వెనకాల టోపీలూ నీళ్ళ సీసాలతో ఓ గుంపు. మా తిన్నె వైపు చూపుడువేలు చాచి, ఈ ఇంట్లో ఒక రహస్యమైన పెట్టె ఉందనీ, రాజు తనను అడిగాడని నిప్పులో దూకిన కన్నెపిల్ల అందులో దేవతగా ఉందనీ తమిళంలో ఊదరగొడుతున్నాడు. నేను కిటికీ లోపల కూర్చుని ములక్కాయలు తరుగుతున్నాను. మా ఇంట్లో నిప్పులో ఎవరూ దూకలేదు. దానికన్నా ఆ వేలు చూసి నాకు ఒళ్ళు మండింది. మదురైలో మా వీధిని జనానికి చూపించడానికి చాలామంది వచ్చారు గానీ, వేలు చాచకుండా చూపించిన మనిషి ఒక్కరే. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఆయన్ని వీధంతా వాద్దియారు అనేది. తమిళంలో పంతులుగారన్నమాట. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఊరు కారమడై, మావంటి తెలుగువాళ్ళే. ఆదివారం తెల్లవారగానే పాత రాజుల మహలు పక్కన కాఫీకొట్టు దగ్గర జనాన్ని కూడేసుకొని, వెనక సందుల్లో మా తెలుగిళ్ళ మధ్యగా నడిపించి, పూలకొట్ల దగ్గర వదిలేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. తెల్లచొక్కా, ఇస్త్రీ ఎరగని ప్యాంటు, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో నల్లగొడుగు. ఇంటిని చూపించాలంటే అరచెయ్యి వెల్లకిలా తిప్పి, పీట వేసి కూర్చోమన్నట్టు చూపించేవారు. వేలు చాచేది దొంగను పట్టిచ్చేటప్పుడు మాత్రమేనట.

అన్నిటికన్నా వింత ఆయన నడక. వెనక్కి నడిచేవారు. వినేవాళ్ళకు వీపు చూపించి మాట్లాడటం ఆయనకు చేతకాదు. స్కూటర్లు, ఆవులు, మురుక్కాలవలు, పిల్లలు, అన్నీ ఉన్న సందులో గుంపు వైపు మొహం పెట్టి గడగడా చెప్పుకుంటూ వెనక్కి వెనక్కి పోయేవారు. కాపలా కాసే పని వీధిది. "వాద్దియారె, ఆవు" అని ఒక తిన్నెమీంచి, "వాద్దియారె, గుంత" అని ఇంకో తిన్నెమీంచి కేకలు వచ్చేవి. ఆయన వాక్యం ఆపకుండానే పక్కకు జరిగేవారు. ఈయన ఎప్పుడు కాలవలో పడతారా అని నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో కిటికీలోంచి ఎదురుచూసేదాన్ని. నా ఆశ తీరలేదు.

కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. ఒకసారి ఎవరో ఒకాయన తలదువ్వుకుంటున్న ముసలమ్మను అడగకుండా ఫొటో తీశాడు. వాద్దియారు చెబుతున్న కథ సగంలో వదిలేసి, అందరినీ మళ్ళీ కాఫీకొట్టు దాకా తీసుకుపోయి, ఈ పూటకు ఇంతేనని పంపేశారు. "ఇంటోళ్ళు వింటా ఉండారు అనుకొని మాట్లాడండ" అన్నది ఆయన ప్రతి గుంపుకూ మొదట చెప్పే మాట. మాటకు మాట తమిళంలోకీ ఇంగ్లీషులోకీ తిప్పి చెప్పడంలోనూ అంతే పట్టుదల. ఎవరో తిన్నెమీద సీసా పెట్టారని ఒక ఇంటి తాత నడకకు వచ్చినవాళ్ళని తెలుగులో కడిగిపారేస్తే, ఆ తిట్లు ఒక్కటీ పొల్లుపోకుండా రెండు భాషల్లో వాళ్ళకు వినిపించారట. ఎవరి మాటనూ మింగే హక్కు తనకు లేదనేవారు.

శనివారం సాయంత్రం ఒక్కరే వచ్చేవారు. ప్రతి ఇంటి తిన్నెమీదా కూర్చుని, రేపు ఈ ఇంటి గురించి ఏం చెప్పబోతున్నారో మొత్తం ఆ ఇంటివాళ్ళకే అప్పజెప్పేవారు. చెప్పొచ్చునా అని అడిగేవారు. ఒక ఇంటివాళ్ళు తాత రెండో పెళ్ళాం సంగతి తీసెయ్యమనేవాళ్ళు, ఇంకో ఇంటివాళ్ళు లేని ఏనుగొకటి తగిలించమనేవాళ్ళు. తీసెయ్యమన్నది తీసేసేవారు, తగిలించమన్నది మాత్రం తగిలించేవారు కాదు. నన్ను పేరుపెట్టి ఏనాడూ పిలవలేదు. మా నాన్నకు సింగానల్లూరులో లేతు పట్టరై, అంటే చిన్న కార్ఖానా, ఉండేది, అందుకని నేనాయనకు సింగానల్లూరునే. "సింగానల్లూరు, కాఫీ ఉండాదా?" అని కేకేసేవారు. తెలుగు అక్షరాలు నేర్చుకోమని నా వెంటపడ్డదీ ఆయనే. ఇంట్లో పుట్టింది మొదలు తెలుగే మాట్లాడి తమిళంలోనే చదువుకున్న నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పోరే కారణం.

ఇప్పుడు మా పెట్టె సంగతి చెప్పాలి. మా లోపలి గదిలో దూలానికి వేలాడేసిన వెదురుపెట్టె ఒకటి ఉంది. అందులో ఒక చీర. పెళ్ళికాకుండా చచ్చిపోయి ఇంటిదేవతైన ఈ ఇంటి ఆడబిడ్డది. ఏటా తమిళుల మాసి నెలలో పాతచీర దించి, కొత్తచీర పెట్టి, ఆడవాళ్ళు పాట పాడతారు. దించిన చీర ఇంటి కూతురు కట్టుకోవాలి, కోడళ్ళు కట్టుకోకూడదు. మావాళ్ళు తరతరాలుగా చెప్పుకొనే కథ ఏమిటంటే, అక్కడెక్కడో తెలుగుదేశంలో రాజు ఆ పిల్లను అడిగితే, ఇవ్వడం ఇష్టంలేక అన్నలు ఆమెను తీసుకొని రాత్రికి రాత్రి బయలుదేరారు, దారిలో నీళ్ళు దొరక్క ఆమె ప్రాణం పోయింది. వాద్దియారు మా ఇంటి ముందర చెప్పేదీ ఈ కథే. గుంపులో కొందరు మా గడపకు దండం పెట్టేవాళ్ళు. మా అత్త ఆ వేళకు తలదువ్వుకొని, తలుపు వెనక నిలబడి వినేది. ఆవిడకు అదొక గర్వం.

ఆ చీర కట్టుకోవలసిన కూతురు మాత్రం ఇంటికి రాదు. మా ఆడబిడ్డ తమిళ అబ్బాయిని, మావాళ్ళు కానివాణ్ణి చేసుకొని పళనిలో ఉంటోంది. నేను కాన్పుకు పుట్టింటికి పోయి ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి వాకిట్లో నిలబడిందట. అత్త చూసి, లోపలికి పోయి గడియ వేసుకుందట. ఎండలో ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో వీధి వీధంతా చూసింది. అప్పటినుంచి దించిన చీరలు కట్టేవాళ్ళు లేక పెట్టె కింద బీరువాలో పోగుపడుతున్నాయి. మా ఇంట్లో ఆ అమ్మాయి మాట ఎత్తేవాళ్ళు లేరు. మా ఆయన కొట్టునుంచి వస్తూ ఒక్కోసారి సందు చివర నిలబడి ఫోనులో మాట్లాడతారు, అది చెల్లెలితోనేనని నాకు తెలుసు.

ఇదంతా ఇలా ఉండగా ఒక మాసి శనివారం వాద్దియారు వచ్చి తిన్నెమీద కూర్చున్న వేళకు లోపల చీర మారుస్తున్నారు. కాఫీ అందించి నేనూ లోపలికి పోయి పాటలో కలిశాను. మా అత్త, ఆవిడ అక్క, వీధిలో ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళ వెంట మేము.

దప్పికాయెను అన్న, దోసెడూ నీళ్ళన్న
గడప దాటితినంట గడియెయ్యకన్న

ఏటా పాడే పాటే. నోటికి వచ్చిన పాట నోటినుంచే పోతుంది, చెవిదాకా రాదు. మనసైనవాడి వెంట పోయి తిరిగొచ్చిందని పాడతాం, తెల్లవార్లూ తలుపు కొట్టిందని పాడతాం, అన్నలు దీపమార్పారని పాడతాం, కోడికూసే వేళకు గడపమీద ఒరిగిందని పాడతాం, తరవాత ఇంట్లో పిల్లలకు జబ్బులొస్తే ఆమెను పెట్టెలో పెట్టి మొక్కారని పాడతాం. పాడి, హారతిచ్చి, పులిహోర తిని, రాజు వల్ల చచ్చిపోయిన పిల్ల అని చెప్పుకుంటాం. ఇంతమంది ఆడవాళ్ళం ఇన్ని తరాలుగా ఇలా ఎలా పాడామో ఈ రోజుకీ నాకు అంతుపట్టదు. నేను బయటికి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయి ఉంది. ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకొని నేలచూపులు చూస్తున్నారు. రేపటి మాట అప్పజెప్పకుండానే లేచి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం నడక లేదని కబురు పెట్టారు. ఆ పై శనివారం వచ్చి, కూర్చోకుండా, తిన్నె కింద నిలబడి అత్తను పిలిచారు. ఇన్నాళ్ళూ ఈ ఇంటిముందర తెలియక అబద్ధం చెప్పానని, ఇకమీదట చెప్పలేనని మొదలుపెట్టారు. అత్తకు అర్థం కాలేదు. మరి నిజమేదని అడిగింది.

"మీరు పాడేదేనమ్మా" అన్నారాయన. "గడియ వేసింది అన్నలే."

అత్త స్తంభం పట్టుకుంది. పాట పాటేనని, అందులో మాట ఎవరు ఎత్తి చూస్తారని అంది. ఆయన, తాను చూశానని, ఇప్పుడు చూడనట్టు ఉండలేనని అన్నారు.

"నా వాకిట్లో నిలబడి, మావాళ్ళు ఆడబిడ్డను చంపినారని ఊరికంతా చెప్తారా? వేండాం, వద్దు. నా కూతురి కతను నా మొహాన కొట్టేదానికి వచ్చినారా మీరు?"

ఆయన బిత్తరపోయారు. ఆ బిడ్డ సంగతి తనకు తట్టనే లేదన్నారు. నేను ఆయన్నే చూస్తున్నాను, నిజంగానే తట్టలేదు. అప్పుడే తట్టింది.

"మీరు వద్దంటే చెప్పనమ్మా" అన్నారు చివరికి. "అబద్ధమూ చెప్పను. రేపటినుంచి ఈడ నిలవను."

నిలవలేదు. మా పక్కింటిదాకా వెనక్కి నడుచుకుంటూ మాట్లాడుతూ వచ్చి, మా ఇల్లు రాగానే నోరు మూసి, గిర్రున తిరిగి, గుంపుకు వీపు చూపిస్తూ ముందుకు నడిచిపోయేవారు. మా గోడ దాటాక మళ్ళీ తిరిగి మాట అందుకొనేవారు. కేకలు వేసే అవసరం లేక వీధి కూడా గమ్మున చూసేది. అంతకన్నా గట్టిగా ఎవరూ ఏమీ చెప్పలేరు. పూలమ్మి మొదటివారమే అడిగింది, మీ ఇంటికేమైందని. తరవాత అడగడం మానేసి నావైపు జాలిగా చూడటం మొదలుపెట్టింది.

అత్త ఆదివారాలు తెల్లవారుజామునే లేచి తలుపు వెనక చేరేది. కాఫీ ఇస్తే తాగేది కాదు. సందు మొగలో ఆయన గొంతు వినపడగానే ఆవిడ వేళ్ళు గడియమీదికి పోయేవి. గొంతు దగ్గరికొచ్చి, ఆగిపోయి, చెప్పుల చప్పుడు ఒక్కటే మా గోడ వెంబడి పోయేది. ఆయనమీద కోపం వచ్చేది, అత్తమీద ఇంకా కోపం వచ్చేది. ఇద్దరిలో ఎవరో ఒకరు వంగితే బాగుండునని దండం పెట్టుకొనేదాన్ని. వంగే మనుషులు కారు ఇద్దరూ.

అలా కొన్ని వారాలు పోయాక, ఎండలు ముదిరిన ఒక ఆదివారం, ఆయన మా గోడ దగ్గర నోరు మూసి తిరిగే వేళకు అత్త గడియ తీసి బయటికి వచ్చింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఆవిడ తల దువ్వుకోలేదు, పైట సర్దుకోలేదు.

"వాద్దియారె, నిలువండ. నా ఇంటికేం తక్కువని దాటిపోతారు?"

చెప్పడానికి తనకు మాట లేదని ఆయన మెల్లగా అన్నారు.

"నేను చెప్తాను. వీళ్ళకు తెలిసేట్టు మీరు చెప్పండ."

గుంపులో సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆయన చెయ్యి ఎత్తారు, అన్నీ దిగాయి. కింది మెట్టుమీద నిలబడ్డారు. అత్త ఒక మాట చెబుతుంది, ఆయన తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతారు. ఈ ఇంట్లో ఒక ఆడబిడ్డ ఉండేదని చెప్పింది. తనకు నచ్చినవాడితో గడప దాటి పోయిందని చెప్పింది. అడిగింది రాజూ కాదు, పారిపోయింది అన్నలూ కాదని చెప్పింది. తిరిగి వచ్చి దప్పిక అని తలుపు కొట్టిందని, లోపల అన్నలు దీపం ఆర్పారని చెప్పింది. ఆయన ఒక్క మాటా పెంచడం లేదు, తగ్గించడం లేదు. తిన్నెలమీద ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. మా ఆయన కొట్టు తాళాలు చేతిలో పట్టుకొని సందులో ఎప్పుడొచ్చారో, అక్కడే ఆగిపోయారు.

"తలుపు తియ్యలేదు" అంది అత్త. ఆయన రెండు భాషల్లో చెప్పారు.

"నేనూ తియ్యలేదు. నా బిడ్డ వచ్చి ఎండలో నిలబడింది. నేను గడియ వేసినాను."

గుంపంతా ఆయన మొహం వైపు చూసింది. ఆయన నోరు తెరిచారు. మూశారు. వీధిలో తెలుగు వచ్చినవాళ్ళందరం విన్నాం, రానివాళ్ళు ఎదురుచూస్తున్నారు. టోపీ పెట్టుకున్న ఒకామె, చివరికి ఆ అమ్మ ఏమందని అడిగింది.

"అది వాళ్ళింటి మాటమ్మా" అని తమిళంలో అన్నారు. తిట్లు కూడా వదలకుండా చెప్పిన మనిషి. అంతే అని, గుంపును కదిలించి, వాళ్ళ వైపు తిరిగి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. నడుస్తున్నంతసేపూ ఆయన కళ్ళు గుంపు తలలమీదుగా మా అత్తనే చూస్తున్నాయి. ఎదురొచ్చిన స్కూటరు దానంతట అదే ఆగింది. ఆ మనిషిమీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను, మా నాన్న పోయాక మళ్ళీ అంత ప్రేమ ఎవరిమీదా పుట్టలేదు.

ఆ మధ్యాహ్నం అత్త నన్ను పిలిచి, దానికి ఫోను పెట్టమంది. పెట్టిచ్చాను. రమ్మని ఒక్క ముక్క చెప్పి ఫోను నా చేతికిచ్చేసింది. మా ఆడబిడ్డ పళని బస్సులో మొగుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. అంతా పాలూ నీళ్ళూ కలిసిపోయినట్టు అయిపోయిందని అనుకోకండి. అత్త ఆ అబ్బాయిని ఇప్పటికీ అల్లుడు అనదు, ఆ పిల్లోడు అంటుంది. కూతురితో పులుసులో ఉప్పు గురించి మాట్లాడుతుంది, పిల్లల చదువు గురించి మాట్లాడుతుంది. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఒక్కనాడూ మాట్లాడలేదు. కూతురూ అడగలేదు. వచ్చిన ప్రతిసారీ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, అప్పుడు లోపలికి వస్తుంది.

వాద్దియారు ఆ తరవాత పాటలో ఉన్న కథే చెప్పేవారు, అత్త ఒప్పుకున్నంతవరకు. అత్త మాట, కూతురి మాట ఎన్నడూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఊపిరి ఆడక నడక మానేశారు. పోయారని తెలిసిన రోజు మా ఆడబిడ్డ ఇంట్లోనే ఉంది. ముగ్గురం ఆటో ఎక్కి వైగై అవతల ఆయన ఇంటికి వెళ్ళాం.

ఆయన భార్య చిన్న మనిషి. అత్తను చూడగానే ఎవరో గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకొని చెయ్యి పట్టుకుంది. నడకనుంచి వచ్చాక ఏ ఇంట్లో ఎవరు ఏమన్నారో ఆవిడకు అంతా చెప్పడం ఆయన అలవాటట.

"మీ ఇంటినుంచి వచ్చిన ఒక ఆదివారం మాత్రం అన్నం తినలే" అంది. "ఏమైందంటే, ఆ అమ్మ తెలుగులో ఒక మాట చెప్పింది, అది నాది కాదు అనినారు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలే. ఏం మాటమ్మా అది?"

గదిలో ఇంకా చాలామంది ఉన్నారు. మా ఆడబిడ్డ అత్త వెనకే, మోకాళ్ళు ముడుచుకొని కూర్చుని ఉంది. అత్త ఆవిడ చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. జవాబు ఆవిడకు చెప్పలేదు. కూర్చున్న చోటే వెనక్కి తిరిగి, కూతురి మొహంలోకి చూస్తూ చెప్పింది.

"నువ్వు వచ్చి ఎండలో నిలబడితివి. నేను గడియ వేసినాను."

ఆ మాట మా ఆడబిడ్డ తల్లి నోట వినడం అదే మొదటిసారి.